ఇంటి ముచ్చట్లు: అద్దాల తొట్టెలో కలుపు తీద్దామా?

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం నన్ను కాస్సేపు అలా కూర్చోబెట్టేసింది. విశాఖపట్నం నుంచి ఒక చెల్లెలు రాసింది. ఆవిడ మాటల్లోనే కొంచెం చెబుతాను.

"అక్కయ్యగారూ, మా అబ్బాయి ఇంటర్లో ఉండగా ముచ్చటపడి ఉప్పునీటి చేపల తొట్టె పెట్టించుకున్నాడు. మూడడుగులది. అందులో నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండు, కొన్ని రాళ్ళు. ఇప్పుడు వాడు ఇంజనీరింగుకని హాస్టల్లో చేరాడు. తొట్టె నా నెత్తిన పడింది. నాలుగు నెలల్లో రాళ్ళ నిండా ఏదో ఆకుపచ్చగా, కొన్నిచోట్ల ఈకల్లా, కొన్నిచోట్ల గాజుపూసల్లా పెరిగిపోయింది. చేపలు కనబడ్డం లేదు. మావారు 'ఎవరికైనా ఇచ్చెయ్, కరెంటు బిల్లన్నా తగ్గుతుంది' అంటున్నారు. వాడు ఫోన్లో రోజూ 'అమ్మా, నా చేపలెలా ఉన్నాయి' అని అడుగుతాడు. బాగున్నాయి నాన్నా అంటున్నాను. సంక్రాంతికి వస్తాడు. రాళ్ళన్నీ తీసి బ్లీచింగు పౌడరు వేసి కడిగేద్దామనుకుంటున్నాను. తప్పా?"

తప్పే చెల్లెమ్మా! చాలా పెద్ద తప్పు. ఎలా తెలుసంటావా? ఆ తప్పు నేను చేశాను కనుక.

మా చిన్నవాడి తొట్టె సంగతి ఇది. వాడు ఊరెళ్ళినప్పుడు తొట్టె మురికిగా ఉందని, పండగకి ఇల్లు దులిపే ఊపులో రాళ్ళన్నీ బకెట్టులోకి తీసి, కుళాయి కింద పెట్టి, పీచుతో రుద్ది రుద్ది తెల్లగా కడిగాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో! మూడోరోజు పొద్దున చూద్దును కదా, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సాయంత్రానికి ఒకటి, మర్నాటికి రెండోది పోయాయి. వాడొచ్చి ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

తరవాత తెలిసింది. ఆ రాళ్ళ మీద కంటికి కనబడని మంచి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియా విషాన్ని మొదట నైట్రైటుగా, తరవాత అంత ప్రమాదం లేని నైట్రేటుగా మార్చేది అదే. కుళాయి నీళ్ళలోని క్లోరిన్, ఉప్పులేని నీళ్ళు రెండూ కలిసి దాన్ని చంపేశాయి. నేను కడిగింది మురికిని కాదు, తొట్టెకి ఊపిరిని.

అందుకే చెల్లీ, ముందు మూడు "వద్దులు" చెబుతాను. అందరూ రాసి పెట్టుకోండి.

ఒకటి: బ్లీచింగు, సబ్బు, ఫినాయిలు తొట్టె చుట్టుపక్కలకి కూడా వద్దు. తొట్టె పనికి ఒక బకెట్టు, ఒక మగ్గు విడిగా ఉంచండి. వాటికి జన్మలో సబ్బు తగలకూడదు.

రెండు: రాళ్ళని వేడినీళ్ళలో ఉడికించడం వద్దే వద్దు. కొన్ని రాళ్ళ మీద చిన్న చిన్న గుండీల్లా ముడుచుకుని తెరుచుకునే జీవులుంటాయి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అలాంటి రాళ్ళు ఉడికించి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. గిన్నెలకి వేణ్ణీళ్ళు మంచివే, వీటికి కాదు.

మూడు: ఒకేరోజు అంతా శుభ్రం చేసెయ్యాలన్న ఆత్రం వద్దు. అది మనకి పుట్టుకతో వచ్చిన జబ్బు, నాకు తెలుసు! కానీ ఇక్కడ నిదానమే మందు.

అసలు ఇదేమిటి?

చూడ్డానికి మొక్కలా ఉంటుంది గానీ ఇది మొక్క కాదు. సముద్రపు నాచు. దీనికి వేళ్ళుండవు, పువ్వులుండవు, కాయలుండవు. కింద వేరులా కనబడేది రాయిని పట్టుకోవడానికి మాత్రమే. తిండంతా ఒళ్ళంతటితో నీళ్ళలోంచే పీల్చుకుంటుంది. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు తెగలు. మన విశాఖ తీరంలో ఆటుపోట్లకి బయటపడే రాళ్ళ మీద ఈ మూడూ కనిపిస్తాయి.

నాచు కనబడగానే శత్రువనుకోకండి. పొలంలో కలుపూ ఉంటుంది, కూరాకూ ఉంటుంది. ఏది పీకాలో, ఏది ఉంచాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పప్పులో రాళ్ళేరే కళ్ళు మనవి. ఆ కళ్ళతోనే చూద్దాం.

పోల్చుకోవడం ఎలా?

పాలకూర రకం: పల్చటి ఆకుపచ్చ ఆకులు, జిగురుకాగితంలా అవతలి వేలు కనబడేంత పల్చన. దీని పేరు అల్వా. మంచిదే. చేపలు, నత్తలు తింటాయి. చేత్తో లాగితే ఊడి వచ్చేస్తుంది.

స్టీలు పీచు రకం: గిన్నెలు తోమే పీచు ఆకుపచ్చగా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పట్టుకుంటే గరుగ్గా, ముద్దగా వస్తుంది. రాయికి అతుక్కోదు. దీన్ని కీటోమార్ఫా అంటారు, ముద్దుగా కీటో. ఇది మన పక్షం. దీంతో చేయించుకునే పని కింద చెబుతాను.

తీగ రకం: నేలమీద పాకే తీగ, దాని మీద నిలబడ్డ ఆకులు. ఆకులు ఈకల్లా ఉండొచ్చు, ద్రాక్షగుత్తుల్లా ఉండొచ్చు. ఇది కాలెర్పా. దీని వింత వినండి. తీగంతా, ఎంత పొడుగున్నా సరే, ఒకే ఒక్క కణం! మధ్యలో గోడలే లేవు. అందుకే తెంపితే లోపలి రసం నీళ్ళలోకి కారుతుంది. తెగిన ప్రతి ముక్కా మళ్ళీ తీగ అవుతుంది. ఒక్కోసారి దీనికి పునరుత్పత్తి వేళ వస్తే రాత్రికి రాత్రి రంగుపోయి తెల్లగా గాజులా మారి, లోపలున్నదంతా నీళ్ళలోకి వదిలేస్తుంది. నీళ్ళు పాలలా మసకబారతాయి, ప్రాణవాయువు తగ్గిపోతుంది. తీగ తెల్లబడ్డం మొదలైతే వెంటనే దాన్ని తీసేసి, గాలిపంపు పెట్టి, నీళ్ళు కొంత మార్చండి.

గాజుపూసల రకం: చెల్లెమ్మ రాసిందిదే. ముదురాకుపచ్చ బుడగలు, ముత్యాల్లా మెరుస్తాయి. పేరు వలోనియా. ఒక్కో బుడగా ఒక్కో కణమే. అందంగా ఉందని ముచ్చటపడి వదిలేస్తే రాళ్ళ సందులన్నీ నింపేస్తుంది. చిదపకండి! పగిలితే లోపలి ద్రవంలోంచి కొత్త బుడగలు రావచ్చు. గోరుతో మొదలు దగ్గర మెల్లిగా కదిపి, పక్కనే సన్నగొట్టంతో నీళ్ళు పీలుస్తూ, ఊడిన బుడగని ఊడినట్టే బయటికి లాగెయ్యాలి.

ఈకల రకం, జుట్టు రకం: ఈ రెండూ ఒకటనుకుంటారు, కాదు. చిన్న ఈక ఆకారం, మధ్యలో ఈనె, అటూ ఇటూ పళ్ళు ఉంటే బ్రయాప్సిస్. రాయిని గట్టిగా పట్టుకుంటుంది. ఈనె లేకుండా మెత్తని జుట్టులా ఉంటే వెంట్రుక నాచు, లాగితే కుచ్చులా వచ్చేస్తుంది. జుట్టు సులువు. ఈక మొండిది, వారం వారం పీకాల్సిందే.

గోధుమ రిబ్బను: చదునైన రిబ్బను, ప్రతి కొసా రెండుగా చీలి ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. వెలుతురులో కొంచెం నీలిమెరుపు. ఇది డిక్టియోటా. ముక్కలై ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. కనబడ్డప్పుడే పీకండి.

బిళ్ళల దండ: పచ్చటి గట్టి బిళ్ళలు ఒకదానికొకటి గుచ్చినట్టు, చిన్న నాగజెముడులా. హాలిమెడా. సున్నం పీల్చుకుని బిళ్ళలు కట్టుకుంటుంది. పెద్దగా గొడవ చెయ్యదు, ఉంచుకోవచ్చు.

గులాబి పొర: రాయికి, అద్దానికి గులాబిరంగు సున్నం వేసినట్టు గట్టిపొర. దీన్ని మురికనుకుని గీకేవాళ్ళున్నారు. అయ్యో, అది తొట్టె ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు! ఎదురుగా చూసే అద్దం మీద తప్ప మిగతా చోట్ల ముట్టుకోకండి.

ఇక నాచే కాని నాచు: ముదురెరుపు జిగురు దుప్పటి పరిచినట్టు ఇసుక మీద పరుచుకుంటుంది, మధ్యాహ్నం వేళకి దాని మీద గాలిబుడగలు నిలబడతాయి. వేలితో తీస్తే పాలమీద మీగడలా మొత్తం లేచి వస్తుంది. ఇది సైనోబ్యాక్టీరియా, అంటే బ్యాక్టీరియా తెగ. ఇది వచ్చిందంటే ఆ మూల నీళ్ళు కదలడం లేదని, అడుగున చెత్త పేరుకుందని అర్థం. గొట్టంతో పీల్చేసి, నీటి ఒరవడి ఆ వైపు తిప్పండి.

ఎందుకు పెరుగుతుంది?

మూడే కారణాలు: ఎరువు, వెలుతురు, తినేవాళ్ళు లేకపోవడం.

ఎరువంటే మనమేం వెయ్యం. కానీ వేస్తున్నాం! మన తల్లుల లెక్క తెలుసుగా, ఎదురుగా నోరు తెరిచిందంటే పెట్టెయ్యడమే. "పాపం ఆకలేమో" అని పూటకోసారి చిటికెడు, ఆయన ఆఫీసు నుంచి వచ్చి చిటికెడు, పక్కింటి పాప వచ్చి ఇంకో చిటికెడు. చేపలు తినగా మిగిలింది కుళ్ళి నైట్రేటు, ఫాస్ఫేటుగా మారుతుంది. నాచుకి అదే యూరియా, అదే సూపరు. చేప కడుపు దాని కన్నంత ఉంటుందని గుర్తుపెట్టుకుని చిటికెలో చిటికె వెయ్యండి. రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. గడ్డకట్టిన మేత వాడితే టీ వడగట్టులో వేసి కరిగించి, ఆ నీళ్ళు పారబోసి మేత మాత్రమే వెయ్యండి. ఆ నీళ్ళలో ఫాస్ఫేటు ఉంటుంది.

రెండో దారి నీళ్ళు. తొట్టెలో నీళ్ళు ఆవిరైనప్పుడు ఏం పోస్తున్నారు? ఉప్పునీళ్ళు పోస్తే తప్పు. పులుసు మరిగినకొద్దీ ఉప్పెక్కువవుతుంది కదా, ఎందుకు? నీళ్ళే పోతాయి, ఉప్పు పోదు. తొట్టెలోనూ అంతే. కనక ఇగిరిన మేరకి మంచినీళ్ళే పొయ్యాలి. ఆ మంచినీళ్ళు కుళాయివైతే వాటితో పాటు ఫాస్ఫేటు, సిలికేటు కూడా వస్తాయి. మనింట్లో తాగే ఆర్వో ఉందిగా అనుకుంటాం. తాగడానికి రుచిగా ఉండాలని ఆ మిషన్లలో చాలావాటికి కొంత మామూలు నీరు కలిపే ఏర్పాటుంటుంది. చిన్న టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. తాగడానికి 80 ఉన్నా హాయే. తొట్టెకి మాత్రం సున్నాకి దగ్గరగా ఉండాలి. దానికోసం డీఐ అనే ఇంకో గొట్టం తగిలిస్తారు.

ఒక మోసం చెబుతాను, జాగ్రత్త. దుకాణంలో నీళ్ళు పరీక్ష చేయించి "నైట్రేటు సున్నా ఉందమ్మా, నీళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అంటారు. తొట్టె నిండా నాచుంటే సున్నా రాక ఏమవుతుంది? వచ్చింది వచ్చినట్టు నాచే మింగేస్తోంది! సున్నా చూసి సంబరపడొద్దు. నాచు తగ్గాక నైట్రేటు 5 నుంచి 10 మధ్య నిలకడగా ఉంటే అదే ఆరోగ్యం. బొత్తిగా సున్నా చెయ్యాలని పట్టుబట్టినా వేరే తెగుళ్ళు వస్తాయి.

ఇక వెలుతురు. రోజుకి 8 గంటలు చాలు. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. మనం మర్చిపోతాం కనక టైమరు ప్లగ్గు పెట్టించండి.

సంక్రాంతికి ఎనిమిది వారాల పని

మూడడుగుల తొట్టె, సుమారు 130 లీటర్లు అనుకుని చెబుతున్నాను.

మొదటి వారం: ఏమీ పీకొద్దు. మేత సగానికి తగ్గించు, లైటు 8 గంటలకి దించు, తొట్టెని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో. ఏది ఏ రకమో కాగితం మీద రాసుకో. ఉప్పు సాంద్రత 1.025 దగ్గర, వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉందో లేదో చూసుకో.

రెండో వారం: 15 లీటర్ల కొత్త నీళ్ళు ముందురోజే కలుపుకో. లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాముల అక్వేరియం ఉప్పు, అంటే అర కిలో పైచిలుకు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలోని కాల్షియం, మెగ్నీషియం అందులో ఉండవు. బీచి నుంచి బిందెతో తెచ్చుకుంటే పోలేదా అనొద్దు, ఒడ్డుదగ్గర నీళ్ళలో ఊరి మురికంతా ఉంటుంది. ఇప్పుడు తొట్టెలోంచి 15 లీటర్లు సన్నగొట్టంతో తియ్యి. తీస్తూనే రెండో చేత్తో జుట్టునాచు పీకుతూ ఉండు. ఊడిన ముక్కలన్నీ నీళ్ళతో పాటు గొట్టంలోకి పోతాయి. తీసిన నీళ్ళు పారబొయ్యకు.

మూడో వారం: బాగా పట్టిన ఒక్క రాయిని, ఒక్కటే, ఆ తీసిన ఉప్పునీళ్ళ బకెట్టులో పెట్టి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, అదే నీళ్ళలో జాడించి మళ్ళీ తొట్టెలో పెట్టు. కుళాయి వైపు చూడకు! గుండీల్లాంటి జీవులు కనబడితే ఆ రాయి జోలికి పోకు.

నాలుగో వారం: మళ్ళీ 15 లీటర్లు. ఈసారి గాజుపూసల పని. పది తీసినా చాలు, పగలకుండా తీస్తే.

ఐదో వారం: రెండో రాయి. నత్తలు ఐదారు తెప్పించు, అద్దం మీదా రాళ్ళ మీదా నాచు మేస్తాయి. దుకాణంవాళ్ళు "ఈ టాంగ్ చేపని వెయ్యండమ్మా, నాచంతా తినేస్తుంది" అంటారు. తింటుంది, నిజమే. కానీ దానికి బారులు తీరి ఈదే చోటు కావాలి. మూడడుగుల తొట్టెలో దానికి అది జైలు. వద్దు.

ఆరో వారం: నీళ్ళు మార్చు, మిగిలిన పూసలు, రిబ్బన్లు తియ్యి. ఈ వారానికి కీటో పీచు ఒక గుప్పెడు సంపాదించు. తొట్టె వెనకాల తగిలించే చిన్న పెట్టెలోనో, కింద సంపులోనో దాన్ని పెట్టి, పైన చిన్న ఎల్ఈడీ లైటు వెయ్యి. దీన్ని రిఫ్యూజియం అంటారు. పెద్ద తొట్టె లైటు ఆర్పాక రాత్రిపూట దీని లైటు వేస్తే, రాత్రి నీళ్ళలో ఆమ్లగుణం పెరగకుండా కూడా కాపాడుతుంది. ఎరువంతా ఈ పీచు తినేస్తుంటే రాళ్ళమీది నాచుకి ఆకలి చావు! ముల్లుని ముల్లుతోనే తియ్యడం అంటే ఇదే. పెట్టె నిండగానే సగం తీసి బయట పారెయ్యాలి. తియ్యకపోతే తిన్నదంతా మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది.

ఏడో వారం: మూడో రాయి. నాచు బాగా తగ్గితే నత్తలకి ఆకలి. సూపర్‌బజార్లలో నోరి అనే ఎండు సముద్రపాకు దొరుకుతుంది. ఉప్పూకారం కలపనిది తెచ్చి చిన్న ముక్క పెట్టు.

ఎనిమిదో వారం: నీళ్ళు మార్చి, ముందద్దం తుడిచి, ముగ్గు వెయ్యి!

నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు మాత్రం స్విచ్చులన్నీ ఆర్పెయ్యి. ఉప్పునీటిలో కరెంటు చాలా సులువుగా పారుతుంది. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేట్టు కట్టించు, నీటిచుక్క జారినా ప్లగ్గులోకి పోదు. కత్తిపీట గాయాలు మన చేతులకి మామూలే. గాయముంటే రబ్బరు తొడుగు వేసుకో. తొట్టె నీళ్ళలోని ఒక రకం క్రిమి గాయంలోంచి వెళ్ళి నెలల తరబడి మానని పుండు చేస్తుంది.

చిట్కా: మోటారుకి గులాబి సున్నం పట్టి తిరక్కపోతే విప్పి, సగం వెనిగరు సగం నీళ్ళలో గంటసేపు నానబెట్టి, మంచినీళ్ళతో బాగా కడిగి పెట్టండి. కొత్తదానిలా తిరుగుతుంది.

మన వంటింటికీ దీనికీ చుట్టరికం

నాచు మాట ఎత్తితే ముఖం చిట్లిస్తాం గానీ, మనం చేసుకునే చైనా గ్రాస్ జెల్లీ ఏమిటనుకున్నారు? ఎర్ర నాచులోంచి తీసే అగారే. ఐస్‌క్రీము గడ్డకట్టి ముద్దగా ఉండడానికి వాడే క్యారజీనన్ కూడా ఎర్ర నాచు సంగతే. తమిళనాడులో రామనాథపురం తీరాన ఈ నాచు ఏరడమే బతుకుగా సముద్రంలో మునిగే ఆడవాళ్ళున్నారు.

ఇంకో కథ. 1881లో జర్మనీలో రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త దగ్గర వాల్టర్ హెస్సె అనే ఆయన పనిచేసేవాడు. క్రిములు పెంచడానికి వేసిన జిలటిను వేసవికి కరిగిపోయి ఆయన పనంతా పాడవుతుండేది. ఇంట్లో జెల్లీలు, పుడ్డింగులు అగార్‌తో చేసే ఆయన భార్య ఫానీ, "అది వాడి చూడకూడదా? ఎండకి కరగదు" అంది. అంతే! ఈనాటికీ ప్రపంచంలో ప్రతి ల్యాబులోనూ క్రిములు పెంచేది అగార్ మీదే. 1882లో కోచ్ క్షయ క్రిమి గురించి రాసినప్పుడు అగార్ పేరు చెప్పాడు గానీ, ఫానీ పేరు చెప్పలేదు. పోనీలెండి, మనం చెప్పుకుందాం.

అన్నట్టు, తొట్టెలో పెరిగిన నాచు మాత్రం తినకండి. అందులో ఏ మందులు పడ్డాయో!

పీకింది ఎక్కడ పడేస్తున్నారు?

ఇది అందరికంటే ముఖ్యంగా సముద్రం పక్కన ఉండే చెల్లెళ్ళకి. పీకిన నాచుని బీచిలోనో, మురుక్కాలవలోనో వెయ్యకండి.

ఎందుకో వినండి. 1984లో మధ్యధరా సముద్రంలో మొనాకో మ్యూజియం ముందర కాలెర్పా తీగ, అక్వేరియంలో పెంచే రకం, ఒక చదరపు మీటరు మేర కనబడింది. చిన్నదేగా అని ఊరుకున్నారు. అది వేల హెక్టార్లకి పాకింది. అక్కడి గడ్డిని, చేపల నెలవుల్ని కప్పేసింది. 2000లో అమెరికాలో కాలిఫోర్నియా మడుగులో అదే తీగ కనబడితే, ఈసారి నిద్రపోలేదు. టార్పాలిన్లు కప్పి కిందికి క్లోరిన్ పోసి, 2006కి గానీ పూర్తిగా పోయిందని చెప్పలేకపోయారు. ఒక్క తొట్టె చెత్త, ఆరేళ్ళ చాకిరీ!

మన దగ్గరా ఉంది ముచ్చట. క్యారజీనన్ కోసం మన్నార్ సింధుశాఖ తీరాన పెంచిన పరాయి ఎర్రనాచు, కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదికి ఎక్కి వాటిని కప్పేస్తోందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు.

అందుకని పీకింది ఒక పళ్ళెంలో వేసి ఎండలో ఫెళఫెళలాడేలా ఎండబెట్టి, చెత్తబుట్టలో వెయ్యండి. మొక్కలకి ఎరువుగా వేస్తామంటే రెండు మూడుసార్లు మంచినీళ్ళలో జాడించి ఉప్పు పోగొట్టాకే. చేపల్ని కూడా, వద్దనుకుంటే పెంచేవాళ్ళకివ్వండి. సముద్రంలో వదలడం పుణ్యం కాదు.

రాళ్ళ మాట కూడా చెప్పాలి. పూసలు, ఈకలు తొట్టెలో ఆకాశం నుంచి రాలేదు. "సముద్రం రాయి" అని దుకాణంలో కొన్న దానితో వచ్చుంటాయి. మన దేశంలో గట్టి పగడాల్ని 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోకి తెచ్చారు. వాటిని తియ్యడం, అమ్మడం, కొనడం నేరం. సముద్ర గుర్రాలదీ అంతే. కనక "పగడం రాయమ్మా, చవగ్గా ఇస్తాను" అంటే దండం పెట్టి వచ్చెయ్యండి. మట్టితోనూ సిమెంటుతోనూ చేసిన కృత్రిమపు రాళ్ళు దొరుకుతాయి. ఆ మంచి బ్యాక్టీరియా వాటి మీదా కాపురం పెడుతుంది. పైగా వాటితో కలుపు రాదు.

చివరగా, నా చెల్లెలికి

నీ ఉత్తరంలో నాచు కంటే నన్ను పట్టి ఆపింది ఆ ఒక్క వాక్యం. "బాగున్నాయి నాన్నా అంటున్నాను" అన్నావే, అది.

నేనూ అదే అన్నాను మా వాడితో, చివరిరోజు దాకా. అప్పుడే నిజం చెప్పి ఉంటే వాడు ఫోన్లోనే "అమ్మా, రాళ్ళు కడగొద్దు" అనేవాడు. రెండు చేపలూ బతికేవి. పిల్లలు ఊరెళ్ళాక వాళ్ళ గదులు, సైకిళ్ళు, చేపలు మన దగ్గర మిగిలిపోతాయి. వాటిని వాళ్ళు వదిలినట్టే ఉంచి చూపించాలని మనకి తాపత్రయం. కానీ వాడడిగేది చేపల గురించే కాదేమో! రోజూ ఫోను పెట్టేముందు ఏదో ఒకటి అడగాలి కదా, హాస్టల్లో ఉన్న పిల్లాడు.

ఈ రాత్రి ఫోను చేసినప్పుడు చెప్పు. "నాన్నా, నాచు బాగా పెరిగింది. ఫోటోలు పంపిస్తాను, ఏది ఏమిటో నువ్వు చూసి చెప్పు. నేను వారం వారం తీస్తాను" అను. పేర్లు వాడు చెబుతాడు, చెయ్యి నువ్వు పెడతావు. తొట్టె మళ్ళీ ఇద్దరిదీ అవుతుంది. మీ వారికి కూడా ఆ టైమరు ప్లగ్గు బిగించే పని అప్పగించు. లైటు గంటలు తగ్గితే బిల్లూ కాస్త తగ్గుతుందని చెప్పు, వెంటనే లేస్తారు!

కనుమ వెళ్ళాక ఒక కార్డుముక్క రాయి. చేపలు కనబడుతున్నాయో లేదో మా పాఠకురాళ్ళందరికీ చెప్పాలి.

వచ్చేవారం: సంక్రాంతి అరిసెల పాకం ముదిరితే ఏం చెయ్యాలి? అంతవరకూ సెలవు.